రథము నిలిచిన వేళ
(జాతర ఉత్సవ సమితుల సభ్యులను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



ఊరేగింపునకై శ్రమించి కట్టిన ప్రభ నడిదారిలో నిలిచిపోయినచో భక్తుడైనవాడు చేయవలసినదేమి? ఇది ఈనాటి ప్రసంగ విషయము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల వారికి జాతర అనగనే అలంకరించిన బండి, దానిపై లేచిన ప్రభ, దాని ముందు డోలు, సన్నాయి, భజన తాళములు కన్నులకు కట్టును. ఆ వైభవమును గూర్చి చెప్పువారు పలువురు కలరు. ఆ వైభవము తలక్రిందులైన గడియను గూర్చి చెప్పువారు తక్కువ. ఆ గడియలోనే మన భక్తికి పరీక్ష యున్నది. ఒక్కొక్కసారి మన బిడ్డల ప్రాణములు కూడ ఆ గడియలోనే యున్నవి.

మొదట పురాణకథను స్మరింతము. త్రిపురాసుర సంహారమునకై దేవతలు పరమశివునకు ఒక రథమును కూర్చిరి. భూమియే రథమైనది. సూర్యచంద్రులు చక్రములైరి. వేదములు గుఱ్ఱములైనవి. బ్రహ్మ సారథియయ్యెను. మేరుపర్వతము విల్లు కాగా శ్రీమహావిష్ణువు బాణమయ్యెను. ఇంతకంటె గొప్ప రథమును ఎవ్వరును కట్టలేదు, కట్టబోరు. అట్టి రథము కూడ కదలగనే ఇరుసు విరిగినదని తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాయందలి అచ్చిరుపాక్కమను శైవక్షేత్రపు స్థలపురాణము చెప్పుచున్నది. దేవతలు తొందరలో విఘ్నేశ్వరుని పూజింప మరచిరట. ఇరుసు విరిగిన చోటు గనుక ఆ ఊరికి ఆ పేరు వచ్చినదని అచ్చటివారు చెప్పుదురు.

ఈ కథలో మనము గమనింపవలసిన అంశమొకటి కలదు. ఇరుసు విరిగినపుడు పరమేశ్వరుడు ఏమి చేసెను? ముహూర్తము మించిపోవుచున్నదని దేవతలను రథము క్రిందికి పంపి భుజములతో ఎత్తింపలేదు. ఆగెను. మరచిన పనిని గుర్తించెను. గణపతిని ఆరాధించెను. ఆ పిమ్మట కదలెను. త్రిపురములు దగ్ధము కాక మానలేదు. పైగా రథమాగిన ఆ చోటు అవమాన స్థలము కాలేదు, క్షేత్రమైనది.

మన ఆగమ శాస్త్రములు కూడ ఈ మార్గమునే చూపినవి. ఉత్సవములలో విఘ్నములు కలిగినపుడు చేయవలసిన ప్రాయశ్చిత్తములను, శాంతి హోమములను అవి ప్రత్యేకముగా విధించినవి. దీనివలన తెలియవచ్చునదేమి? ఎంత భక్తితో చేసినను ఉత్సవమునందు విఘ్నము కలుగవచ్చునని శాస్త్రకారులు ముందుగనే ఎరిగియున్నారు. విఘ్నము కలిగినచో దానికొక విధి యున్నది. విధి యున్నప్పుడు భయమెందుకు? మొండితనమెందుకు?

ఇక మన ప్రాంతమునకు వత్తము. మహబూబాబాదు జిల్లాలోని కురవి శ్రీ వీరభద్రస్వామి వారికి మహాశివరాత్రి జాతర జరుగును. చుట్టుప్రక్కల గ్రామములవారు బండ్లను అలంకరించి, ప్రభలు కట్టి స్వామి సన్నిధికి తరలివత్తురు. వరంగల్లు సమీపమున కొమ్మాల శ్రీ లక్ష్మీనరసింహస్వామి జాతరలో హోలీ దినములయందు ప్రభబండ్లు బారులు తీరును. పల్నాడులోని కోటప్పకొండకు శివరాత్రినాడు వచ్చు విద్యుత్ ప్రభల ఎత్తు చూచినవారికి మెడ నొప్పి పుట్టును. కోనసీమలో జగ్గన్నతోట తీర్థమునకు కనుమనాడు ఏకాదశ రుద్రుల ప్రభలు చక్రములే లేకుండ మనుష్యుల భుజములపై వచ్చును. కొన్ని కౌశిక కాలువను దాటి వచ్చును. ఆ ప్రభల తీర్థమునే 2023 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముగా ఢిల్లీలో ప్రదర్శించిరి. కావున ప్రభ కట్టుట మన తెలుగువారి గొప్ప కళ. దానిని మానుకొనుడని చెప్పుటకు నేను రాలేదు.

ప్రభ కట్టుటలోని చిక్కులు కట్టినవారికే తెలియును. ఒక ఊరిని ఊహించుకొందము. ఏ ఊరైనను కావచ్చును. యువకులు శివరాత్రికి నెల ముందే సమావేశమైనారు. ట్రాక్టరు ట్రాలీపై వేదిక వేసి, దానిపై ఆరుగురు డోలువాయిద్యగాండ్రను, ఇద్దరు సన్నాయి విద్వాంసులను కూర్చుండబెట్టి, వారి వెనుక పదునారు అడుగుల ప్రభను నిలువవలెనని నిశ్చయించిరి. ప్రక్క ఊరివారు పోయిన యేడు పదునాలుగు అడుగులు కట్టిరి గనుక వీరికి పదునారు. వెదురు కొనుటకు దాత ముందుకు వచ్చెను. రంగు బట్టలు, అద్దములు, బల్బుల తోరణములు తెప్పించిరి. అంతయు కాగితముపై బాగుగ నున్నది.

పండుగ దగ్గర పడగనే ఒక్కొక్కటి జారుట మొదలైనది. దాతకు ఇంట కష్టము వచ్చి సగము సొమ్మే ఇచ్చెను. వెదురు చాలక ఇనుప గొట్టములు అద్దెకు తెచ్చిరి; బరువు పెరిగినది. ముందునాటి రాత్రి వాన కురిసి బట్టలు నీరు పీల్చినవి. అడుగున మరికొంత బరువు చేరినది. అనుకొన్న ట్రాలీ రాలేదు. వచ్చిన దానికి ఒక చక్రము అరిగియున్నది. జనరేటరు మొరాయించినది. సన్నాయి విద్వాంసుడు వేరొక ఊరిలో చిక్కుకొనెను. సాయంకాలము ఆరు గంటలకు బయలుదేరవలసిన ప్రభ రాత్రి పదియైనను గుడి వీధిలోనే యున్నది. అప్పుడు ఎవరో ఒకరు అందురు: "ఇంత చేసి ఆగుటయా? పట్టండి, తోయండి!" ఆ మాట ఎవరు అందురో తరువాత ఎవ్వరికిని గుర్తుండదు. ఆ మాట అన్నవాడు చెడ్డవాడు కాడు. భక్తుడే. ప్రమాదమంతయు అందులోనే యున్నది.

ఇచ్చట కొంచెము లెక్క చూడవలెను. నియమముల ప్రకారము వీధిని అడ్డముగా దాటు విద్యుత్తు తీగలు, ఇండ్లకు పోవు తక్కువ వోల్టేజివైనచో నేలనుండి కనీసము 5.8 మీటర్లు, 11 కె.వి. తీగలైనచో కనీసము 6.1 మీటర్లు ఎత్తులో ఉండవలెను. అనగా సుమారు 19 అడుగులు, 20 అడుగులు. మన ఊహాగ్రామపు ట్రాలీ అడుగు నేలకు మూడున్నర అడుగులు. దానిపై ప్రభ 16 అడుగులు. మొత్తము పందొమ్మిదిన్నర. పైన కలశము, జెండా కలిపి మరి రెండడుగులు. ఇరువది యొకటిన్నర! కాగితముపై పదునారడుగులని వ్రాసినవారు ట్రాలీని లెక్కింపలేదు, కలశమును లెక్కింపలేదు. తీగ ఎండకు సాగి దిగునని, రోడ్డుపై తారు వేసిన ప్రతిసారి నేల పైకి వచ్చునని తలంపలేదు. నిరుడు తగలని తీగ ఈ యేడు తగులుటకు ఇదియే కారణము. హైటెన్షన్ తీగను తాకనే అక్కరలేదు. మిక్కిలి దగ్గరకు పోయినను విద్యుత్తు దూకును. ఇనుప గొట్టము సరే, వానకు తడిసిన వెదురు కూడ విద్యుత్తును క్రిందికి దింపును.

ఇవి ఊహలు కావు. 2022 ఏప్రిల్ 27న తంజావూరు సమీపమున కలిమేడు గ్రామములో దేవుని రథపు పైభాగము హైటెన్షన్ తీగకు తగిలి పదునొకండుగురు మరణించిరి. 2023 జూన్ 28న త్రిపుర రాష్ట్రమునందలి కుమార్‌ఘాట్‌లో జగన్నాథుని తిరుగు రథయాత్రలో ఇనుప రథమునకు విద్యుత్తు ప్రాకి ఆరుగురికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మన హైదరాబాదులోనే, రామంతాపూరులో, 2025 ఆగస్టు 17 అర్ధరాత్రి శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర సాగుచుండగా రథమును లాగు వాహనము మొరాయించినది. యువకులు దానిని ప్రక్కకు పెట్టి రథమును చేతులతో నడిపించిరి. కొంత దూరము పోయిన పిమ్మట రథమునకు విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించిరి.

ఈ మూడవ సంఘటనను మరియొకసారి ఆలోచింపుడు. వాహనము ఆగినంత మాత్రమున ఎవ్వరికిని అపాయము కలుగలేదు. అది భగవంతుడు ఇచ్చిన విరామమని తలపవచ్చును. ఏర్పాటు చెడినప్పుడు మనస్సు తొందరపడును. తొందరలో చేతులు ముందుకు పోవును. కన్నులు పైకి చూడవు. వాహనము లాగుచున్నప్పుడు రథమును తాకియున్నవారు కొద్దిమంది. చేతులతో నెట్టునప్పుడు అందరి చేతులు దానిపైనే యుండును. కావున మొదటి ఏర్పాటు చెడినప్పుడు అప్పటికప్పుడు చేయు రెండవ ఏర్పాటే మిక్కిలి ప్రమాదకరమైనది. ఈ ఒక్క మాట మీరు జ్ఞాపకముంచుకొని ఇంటికి పోయినను ఈనాటి సభ సఫలమైనట్లే.

అయినను మనము ఎందుకు ఆగలేకపోవుచున్నాము? నాలుగు కారణములు కనబడుచున్నవి.

మొదటిది మొక్కు. "స్వామికి మొక్కుకొంటిమి, ఆగినచో దోషము" అందురు. మీరు పూజకు కూర్చుండినప్పుడు సంకల్పము చెప్పుదురు గదా! అందులో దేశమును, కాలమును, గోత్రమును, నామమును, కోరికను చెప్పుదురు. ఎన్ని అడుగుల ప్రభ అని ఏ సంకల్పములోనైనను కలదా? భగవంతునికి మనము చెప్పినది సంకల్పము. కాగితముపై వ్రాసికొన్నది మన ఏర్పాటు. ఏర్పాటు మారినను సంకల్పము చెడదు. ఈ రెంటిని ఒకటిగా తలచుటవలన భయము పుట్టుచున్నది.

రెండవది పంతము. ప్రక్క వాడవారు, ప్రక్క ఊరివారు నవ్వుదురను భయము. కొన్ని జాతరలలో ప్రభలు రాజకీయ పక్షముల జెండాలు మోయుచు వచ్చి పోటీపడుటయు మనము చూచుచునే యున్నాము. నవ్వు రెండు దినములుండును. కడుపుకోత జీవితమంతయు నుండును. ప్రభ ఎత్తు తగ్గించి సురక్షితముగా తెచ్చిన ఊరిని చూచి నవ్వు ఊరేదైనను ఉన్నచో, నవ్వవలసినది ఆ ఊరిని చూచియే.

మూడవది ఖర్చు. "ఇంత సొమ్ము పోసితిమి" అను బాధ. పోసిన సొమ్ము ఆగినను రాదు, సాగినను రాదు. రానిదానికై రాదగని ఆపదను తెచ్చుకొనుట వివేకము కాదు.

నాలుగవది అపశకున భయము. రథమాగిన ఊరికి అరిష్టమని కొందరు చెప్పుదురు. అచ్చిరుపాక్కపు కథను వారికి వినిపింపుడు. ఆగమములు శాంతి విధులను చెప్పినవని తెలుపుడు. అర్చకస్వామి అచ్చటనే కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, స్వామివారిని పల్లకిలోనికి వేంచేపు చేసినచో అపశకునమెక్కడిది? ఇది మీ అర్చకులను ముందుగనే అడిగి యుంచుకొనవలసిన విషయము. రాత్రి పదిగంటలకు గుంపు మధ్యలో అడుగవలసినది కాదు.

మన నేలయే ఈ విషయమున మనకు గురువులను ఇచ్చినది. ముగ్గురిని తలచుకొందము.

జనగామ ప్రక్కన పెంబర్తి యున్నది. అచ్చటి విశ్వకర్మలు ఇత్తడి రేకులపై చేయు పని ప్రపంచ ప్రసిద్ధము. దేవాలయ ద్వారములకు, ధ్వజస్తంభములకు, వాహనములకు, రథములకు తొడుగులు చేయుట వారి కులవిద్య. రేకు క్రింద లక్క పరుపు పరచి, వెనుకనుండి సుత్తితో, ఉలితో కొట్టి బొమ్మను పైకి లేపుదురు. లక్క మెత్తగా లొంగును గనుక రేకు చిరుగదు. గట్టి బండపై పెట్టి కొట్టినచో రేకు పగులును. మన ఏర్పాట్ల క్రింద కూడ ఇట్టి మెత్తని పరుపు ఉండవలెను. పదునారడుగులు కుదరనిచో పదియడుగులు. అదియు కుదరనిచో పల్లకి. అదియు కుదరనిచో చేతిలో హారతి పళ్ళెము. లొంగుటకు చోటున్న ఏర్పాటు చిరుగదు.

రెండవ గురువు భూపాలపల్లి బొగ్గుగని. సింగరేణి గనులలో షిఫ్టు మొదలగుటకు ముందు సర్దారు లోనికి పోయి పైకప్పును, గాలిని పరీక్షించును. కఱ్ఱతో కప్పును తట్టి చెవియొగ్గి వినును. గట్టి చప్పుడు వచ్చినచో సరే. బోలు చప్పుడు వచ్చినచో అచ్చటికి మనుష్యులను పంపడు. డోలు వాయించువాడు చర్మమును తట్టి శ్రుతి చూచినట్లే గనిలోని సర్దారు రాతిని తట్టి ప్రాణములను చూచుచున్నాడు. ఆ పరీక్ష పూర్తికానిదే పని మొదలు కాదు. బొగ్గు ఎంత అవసరమైనను కాదు. మన ఊరేగింపునకు అట్టి సర్దారు ఎవరు? ప్రతి సమితిలో అధ్యక్షుడు, కోశాధికారి ఉందురు. "ఆపుడు" అని చెప్పుటకు నియమింపబడినవాడు మాత్రము ఉండడు.

మూడవ గురువు రామప్ప గుడి. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలోనుండి, ప్రస్తుతము ములుగు జిల్లాలోనున్న పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆలయమిది. అందలి శాసనము 1213వ సంవత్సరమునాటిది. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. గర్భాలయముపై విమానమును నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలతో కట్టిరి. క్రింద బరువైన రాయి, పైన తేలికయైన ఇటుక. పైకి పోయినకొలది బరువు తగ్గవలెనను సూత్రము కాకతీయుల శిల్పులకు తెలియును. మన ప్రభలలో అంతయు తలక్రిందులు. అడుగున అరిగిన చక్రము. పైన ఇనుప గొట్టములు, బల్బుల తోరణములు, వాటిపై ఎక్కి కూర్చుండిన పిల్లలు. పైబరువు పెరిగిన బండి మలుపులో ఒరుగును. పైగా బట్ట కట్టిన ప్రభ తెరచాప వంటిది. గాలి వేగము రెట్టింపైనచో దాని తోపు నాలుగింతలగును.

ఇక సంగీతము. ప్రభను ఎందుకు కట్టుచున్నాము? స్వామివారి కీర్తనము నలుగురికి వినబడవలెనని, స్వామివారి వైభవము నలుగురికి కనబడవలెనని. వేదిక పాటకొరకు వచ్చినది. పాట వేదికకొరకు రాలేదు. జనగామ జిల్లాలోని పాలకుర్తితో ముడిపడిన మహాకవి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలమునకు పోవు భక్తజనమును వర్ణించెను. తుమ్మెద పదములు, పర్వత పదములు, వెన్నెల పదములు మొదలగు ఎన్నో పాటల పేర్లు ఆయన గ్రంథముల వలననే మనకు తెలియుచున్నవి. ఆ భక్తులకు జనరేటరు లేదు. కాళ్ళు నడచినవి, కంఠములు పాడినవి.

అదే జిల్లాలోని మాణిక్యపురము ఒగ్గుకథా విద్వాంసుడు చుక్క సత్తయ్య గారి జన్మస్థలము. 2017లో ఆయన పరమపదించిరి. ఒగ్గువారి డోళ్ళను చూచినవారికి తెలియును: మెడకు డోలు తగిలించుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని, నేలపై ఎగురుచు, తిరుగుచు వాయింతురు. వారికి వేదిక అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. వీధియే వేదిక. 2024లో పద్మశ్రీ పురస్కారము పొందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్య గారును ఈ జిల్లావారే. ఇట్టి కళలు పుట్టిన నేలపై నిలిచి "జనరేటరు ఆగినది, ఇక సంగీతము లేదు" అనుట ఎంత వింత! వాద్యకారులను బండిపై కూర్చుండబెట్టు ఏర్పాటు చేయునప్పుడే వారు దిగి నడచుచు వాయించు ఏర్పాటును కూడ చేయుడు. మెడకు తగిలించు పట్టీలు, నడచుచు పాడదగిన భజనలు, చేతి దీపములు లేక కాగడాలు సిద్ధముగా నుంచుడు. బండి ఆగిన మరుక్షణము పాట నేలకు దిగి ముందుకు సాగినచో జనులకు విఘ్నమైనట్లే తోచదు.

పెద్ద లౌడ్‌స్పీకర్ల విషయము కూడ ఒక మాట. శబ్ద కాలుష్య నియంత్రణకై 2000లో వచ్చిన నియమములు సామాన్యముగా రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు బయట వాటి వాడకమును నిషేధించుచున్నవి. చట్టమట్లుండగా, బండికి కట్టిన ఎడ్ల చెవులను తలచుకొనుడు. ఆ మ్రోతకు అవి బెదరినచో ఏ సమితియు ఆపలేదు. అంతేకాదు, ఆ మ్రోతలో "తీగ! తీగ!" అని అరచినవాని కేక ఎవరికిని వినబడదు.

కావున ఉత్సవ సమితులకు నా విన్నపములు ఇవి.

ప్రభ కొలతను గుడియొద్ద నిర్ణయింపకుడు, దారిలో నిర్ణయింపుడు. పండుగకు పదిదినముల ముందు పగటివేళ దారి పొడవునా నడచి, ఎచ్చట తీగలున్నవో, ఎచ్చట మలుపున్నదో, ఎచ్చట రోడ్డు ఎత్తైనదో వ్రాసికొనుడు. కఱ్ఱతో తీగ ఎత్తును కొలువబోకుడు. విద్యుత్తు సంస్థవారిని పిలిచి వారిచేతనే కొలిపింపుడు. ఊరేగింపు గంటలలో సరఫరా నిలుపుటకు వారికి వ్రాసియిచ్చి, నిలిపినారని వారి నోటనే వినుడు. కోటప్పకొండకు అంత ఎత్తు ప్రభలు పోగలుగుటకు ఇట్టి ముందస్తు ఏర్పాట్లే కారణము.

ప్రభ పైభాగమును మడచుటకు వీలుగా కట్టుడు. నాలుగు దిక్కుల త్రాళ్ళు కట్టి, ఒక్కొక్క త్రాటికి ఇద్దరిని నిలుపుడు. చక్రముల క్రింద పెట్టుటకు మొద్దులు బండిలోనే యుంచుడు. ముందునాడు పూర్తి బరువుతో ఖాళీ స్థలములో ఒకసారి నడిపి చూడుడు. పైకి ఎక్కి కఱ్ఱతో తీగలను పైకెత్తు పనికి పిల్లవానిని పంపు ఆచారము చాల ఊళ్ళలో కలదు. దానిని నేటితో మానుడు. అది సేవ కాదు, బలి.

సమితిలో ఒకనిని, మత్తు ముట్టనివానిని, పంతములకు లొంగనివానిని "నిలుపువాడు"గా నియమింపుడు. ఆయన చేయి ఎత్తినచో సర్పంచి గారైనను, దాత గారైనను మారు పలుకరాదని ముందుగనే స్వామి ఎదుట ప్రమాణము చేయుడు. ఆయన ఆపిన తరువాత ఆపుట తప్పని తేలినను ఆయనను నిందింపకుడు. ఒకసారి నిందించినచో మరుసటి యేడు ఆ చేయి లేవదు.

ఒకవేళ రథము తీగకు తగిలినచో దగ్గరకు పరుగెత్తకుడు. తగిలియున్నవారిని చేతితో లాగబోకుడు. అట్లు లాగబోయి రెండవవాడు, మూడవవాడు పోవుదురు. 1912కు, 112కు ఫోను చేసి సరఫరా ఆపింపుడు. బండిపైనున్నవారు, మంటలు లేనిచో, కదలక అచ్చటనే ఉండవలెను. దిగక తప్పనిచో బండిని, నేలను ఒకేసారి తాకకుండ, రెండు పాదములు జతచేసి దూకి, పాదములు ఎత్తకుండ జరుపుకొనుచు దూరము పోవలెను. ఈ మాటలను మైకులో చెప్పుటకు ఒకరికి ముందే నేర్పుడు.

కొందరు పెద్దలు అడుగవచ్చును: "ఇన్ని లెక్కలు వేసిన తరువాత భక్తికి చోటెక్కడ? మన తాతలు ఇవన్నియు చూచిరా?" మన తాతల కాలమున వీధిలో తీగలు లేవు. అయినను వారు చూడవలసినవి చూచిరి. ఇరుసునకు కందెన పెట్టిరి, చీల బిగించిరి, ఎడ్ల గిట్టలు చూచిరి, మబ్బు చూచిరి. జాగ్రత్త వారికి భక్తిలో భాగమే. స్వామివారి బండికి చీల బిగించుట కూడ కైంకర్యమే. మనకు మరికొన్ని చీలలు ఎక్కువైనవి, అంతియే.

ఇంకొకరు అడుగవచ్చును: "సగములో ఆగిన సేవ సేవయగునా?" దీనికి బమ్మెర గ్రామము సమాధానము చెప్పును. ఆ గ్రామముతో పేరు ముడిపడిన పోతనామాత్యుని భాగవతము కొంత భాగము శిథిలమైనది. పంచమ స్కంధమును గంగనయు, షష్ఠమును ఏర్చూరి సింగనయు, ఏకాదశ ద్వాదశములను వెలిగందల నారయయు పూరించిరి. వారి పేర్లు గ్రంథమున నిలిచియున్నవి. ఆ భాగవతమును అసంపూర్ణమని ఏ ఇంటనైనను ప్రక్కన పెట్టినారా? అన్ని ఇండ్లలోను పారాయణము చేయుచున్నారు. ఒకని చేతిలో ఆగిన పని మరియొకని చేతిలో పూర్తియగుట దైవకార్యమునకు లోపము కాదు. ఈ యేడు వీధి మలుపున ఆగిన ప్రభను వచ్చే యేడు మీ తమ్ములు సరియైన కొలతతో గుడివరకు తెత్తురు. అందుకు వారు బ్రతికియుండవలెను.

తల్లులారా! జాతరకు పోవు బిడ్డకు మీరు బొట్టు పెట్టి పంపుదురు. ఈ యేడు బొట్టు పెట్టునప్పుడు ఒక మాట కూడ చెప్పి పంపుడు: "బండి ఆగినచో నీవును ఆగుము. స్వామి కోపింపడు." యువకులారా! మీ చేతులు ప్రభను నిలువబెట్టగలవని ఊరందరికిని తెలియును. అవసరమైనప్పుడు దానిని భద్రముగా దింపగలవని కూడ ఈ యేడు చూపుడు.

స్వామి అనుగ్రహము మీ అందరిపై, మీ బండ్లపై, వాటిని లాగు ఎడ్లపై, వాటి ముందు వాయించు కళాకారులపై ఎల్లప్పుడు ఉండుగాక!

స్వస్తి.